పడవ హోల్డింగ్ ట్యాంకు పూర్తిగా ఖాళీ కావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

హోల్డింగ్ ట్యాంకు అంటే పడవ టాయిలెట్ మురుగును నిలవ ఉంచే ట్యాంకు, పంపు-అవుట్ స్టేషన్ అంటే ఆ మురుగును తోడే చోటు. స్టేషన్ దగ్గర గొట్టం తగిలించి, యంత్రం ఆగేదాకా నిలబడి, మూత బిగించి బయలుదేరాక మర్నాటికే టాయిలెట్ వెనక్కి తన్నడం మొదలైతే విసుగు రావడం సహజం. అలాంటప్పుడు చాలామంది ముందుగా ఏదో ఒక రసాయనం కొని ట్యాంకులో పోస్తారు. నిజానికి రసాయనం చివర ఆలోచించవలసిన విషయం. ముందు చూడవలసింది గాలి: రావలసిన చోట వస్తోందా, రాకూడని చోట దూరుతోందా అన్నది. కింది జవాబులన్నీ ఈ వరుసలోనే సాగుతాయి.

పంపు నడుస్తూనే ఉంది కదా, మురుగు రావడం ఎందుకు ఆగిపోతుంది?

పంపు మురుగును లాగుతుందని అనుకుంటాం. అది చేసే పని గొట్టంలో గాలి ఒత్తిడిని తగ్గించడం మాత్రమే. ట్యాంకులోని మురుగు ఉపరితలం మీద పనిచేసే వాతావరణ పీడనమే దాన్ని గొట్టంలోకి నెడుతుంది. ఇది సవ్యంగా జరగాలంటే రెండు కుదరాలి. బయటికి పోయిన మురుగు స్థానంలోకి వెంట్ గొట్టం ద్వారా అంతే గాలి రావాలి. ట్యాంకు అడుగు నుంచి పంపు దాకా ఉన్న దారిలో మాత్రం ఎక్కడా గాలి చొరబడకూడదు.

మొదటిది చెడితే ట్యాంకులోనూ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు నెట్టే బలం ఉండదు కాబట్టి ప్రవాహం నీరసించి ఆగిపోతుంది. రెండోది చెడితే పంపుకు మురుగుకన్నా గాలి తేలికగా అందుతుంది. చీలిన స్ట్రాతో ఎంత పీల్చినా పానీయం పైకి రాదు, ఇదీ అంతే. బురద పేరుకోవడం, గొట్టాలు పూడుకుపోవడం వంటి కారణాలూ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

గేజు ఇంకా సగం ఉందని చూపిస్తోంది. ట్యాంకు నిజంగానే ఖాళీ కాలేదా?

గేజును నమ్మి ఏదీ విప్పకండి. ట్యాంకు లోపలుండే ఫ్లోటుకు కాగితం చుట్టుకుంటే అది ఉన్నచోటే ఇరుక్కుపోతుంది. లోహపు కడ్డీలతో కొలిచే రకం మీద జిడ్డుపొర కడితే ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టే కనిపిస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు అయితే చీకట్లో ఒక పక్కనుంచి టార్చి వేసి చూడండి, చాలా ట్యాంకుల్లో మట్టం నీడలా తెలుస్తుంది. లోహపు ట్యాంకును పైనుంచి కిందికి వేలితో తడుతూ వస్తే, గాలి ఉన్నచోట డొల్లగానూ ద్రవం ఉన్నచోట మొద్దుగానూ మోగుతుంది. లోపలికి చూడటానికి తెరిచే పరీక్షా మూత ఉంటే అన్నిటికన్నా మేలు. మట్టం ఎక్కడుందో తెలిశాక అక్కడ బయటివైపు పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆ గీత ముందుముందు చాలా పనికొస్తుంది.

ఎంతో కొంత మిగలడం మామూలేనా?

మామూలే. పైనుంచి తోడే ట్యాంకుల్లో అడుగుదాకా దిగే డిప్ పైపు ఉంటుంది. దాని మూతి నేలకు ఆనుకుంటే మురుగు దూరే సందు ఉండదు కాబట్టి కొన్ని సెంటీమీటర్ల ఎడం వదులుతారు. మీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 5 లీటర్లు. మూతి 3 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 15 లీటర్లు ఎప్పుడూ మిగులుతాయి. అది లోపం కాదు. ఎవరైనా పైపును అవసరానికి మించి పొట్టిగా కోసి అమర్చి ఉంటేనే అది లోపం. 10 సెంటీమీటర్ల ఎడం ఉంటే అదే ట్యాంకులో 50 లీటర్లు శాశ్వతంగా ఉండిపోతాయి. మూతిని అడ్డంగా కాక ఏటవాలుగా కోస్తే అడుగుకు దగ్గరగా దించినా పూర్తిగా మూసుకుపోదు.

పడవ వాలు సంగతీ మరవకండి. మూతి ట్యాంకుకు ఒక మూలన ఉండి, పడవ అవతలివైపు ఒరిగి ఉంటే మురుగంతా అటే చేరుతుంది. ఇద్దరు ముగ్గురిని మూతి ఉన్న పక్కకు వెళ్లి నిలబడమనండి. పైసా ఖర్చులేని ఈ ఉపాయాన్ని ఎంతమంది వదిలేస్తారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

కారణం వెంటా, గొట్టమా, బురదా? ఏదీ విప్పకుండా ఎలా చెప్పగలం?

ప్రవాహం ఎలా ఆగిందో గమనిస్తే చాలావరకు తెలిసిపోతుంది. అందుకే తోడుతున్నంతసేపూ ఒకరు పంపు దగ్గర, ఒకరు ట్యాంకు దగ్గర ఉండాలి. చాలా స్టేషన్లలో గొట్టం మధ్యలో పారదర్శకమైన ముక్క ఉంటుంది. పంపు మీద వాక్యూమ్ గేజు కూడా ఉంటే ఇంకా మంచిది.

మొదట జోరుగా వచ్చి, క్రమంగా నీరసించి, పంపు మూలుగుతూ వాక్యూమ్ ముల్లు పైకి పోతే వెంట్‌ను అనుమానించండి. అప్పుడు ట్యాంకు గోడలు లోపలికి లాక్కుపోతూ టపటపమని చప్పుడు చేయవచ్చు. పంపు ఆపి కొద్ది నిమిషాలు ఆగితే మళ్లీ కాసేపు ప్రవాహం వస్తుంది, ఎందుకంటే ఆ వ్యవధిలో సన్నని సందులగుండా కొంత గాలి లోపలికి చేరింది. డెక్ మీద గొట్టం ఊడదీయగానే బుస్సుమని గాలి ట్యాంకులోకి పోతే ఇక సందేహం అక్కర్లేదు.

ప్రతిసారీ దాదాపు ఒకే మట్టం దగ్గర ఉన్నట్టుండి గురగుర మొదలై, పారదర్శక ముక్కలో బుడగలు నిండి, వాక్యూమ్ ముల్లు కిందికి జారిపోతే డిప్ పైపుకు ఆ ఎత్తులో పగులు ఉన్నట్టు. మట్టం పగులుకన్నా పైన ఉన్నంతసేపూ పగులులోంచి కూడా మురుగే వస్తుంది. మట్టం దాని కిందికి దిగగానే ట్యాంకులోని గాలి దూరుతుంది. పెన్సిలు గీత ఉపయోగం ఇక్కడే.

మొదటినుంచీ ఏమీ రాకుండా ముల్లు మాత్రం పైకి పోతే దారి మూసుకుంది: తెరవని వాల్వు, నలిగిన గొట్టం, అడ్డుపడిన ముద్ద. మొదటినుంచీ ఏమీ రాక ముల్లు కూడా కదలకపోతే ఎక్కడో పెద్ద కంతలోంచి గాలి వస్తోంది. డెక్ దగ్గర జోడింపు సరిగా కుదరలేదు, లేదా డిప్ పైపు ఊడి ట్యాంకు అడుగున పడిపోయింది.

వెంట్ మూసుకుపోయిందని రూఢి చేసుకోవడం ఎలా?

సగం తోడాక, అంటే మురుగు వెంట్ బిగింపుకన్నా బాగా కింద ఉన్నప్పుడు, ట్యాంకు దగ్గర వెంట్ గొట్టాన్ని ఊడదీసి మళ్లీ పంపు నడపండి. ప్రవాహం ప్రాణం వచ్చినట్టు పుంజుకుంటే దొంగ దొరికినట్టే. నిండు ట్యాంకు మీద మాత్రం ఈ పని చేయకండి. లోపల వాయువుల ఒత్తిడి ఉంటే ముఖం మీదికి చిమ్ముతుంది.

ఊడదీయడం కష్టమైన చోట పెడల్ రకం టాయిలెట్ ఉంటే, పంపు నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకోండి. కమోడ్ మీదుగా ట్యాంకులోకి గాలి పోతుంది. అప్పుడు ప్రవాహం పెరిగినా అర్థం అదే.

అడ్డు ఎక్కడ ఉండవచ్చో ఒక వరుసలో చూడండి. పడవ బయటి వెంట్ మూతి దగ్గర ఉప్పు పేరుకోవచ్చు, కందిరీగలు మట్టిగూడు కట్టవచ్చు, పడవకు మెరుగు పెట్టినప్పుడు మైనం దూరవచ్చు. ఇంధన ట్యాంకు కోసం తయారైన వెంట్ మూతిని దీనికీ బిగించే అలవాటు ఉంది. దానిలోని సన్నని జాలీ మురుగు తగలగానే పూడుకుపోతుంది, కాబట్టి మురుగు ట్యాంకుకు జాలీ లేని మూతే పెట్టాలి. వాసన కోసం పెట్టిన బొగ్గు ఫిల్టరు ఒకసారి తడిసిందంటే గాలిని సరిగా వదలదు, కొత్తది వేయవలసిందే. గొట్టం ఎక్కడైనా కిందికి వేలాడుతుంటే ఆ వంపులో నిలిచిన మురుగు బిరడాలా పనిచేస్తుంది. ట్యాంకును గొంతుదాకా నింపి, పడవ ఒక పక్కకు ఒరిగేలా నడిపితే మురుగు వెంట్‌లోకి ఎక్కడం ఖాయం.

చాలా పడవల్లో వెంట్ గొట్టం లోపలి కొలత 16 లేదా 19 మిల్లీమీటర్లు ఉంటుంది. మార్చే అవకాశం వస్తే 25 మిల్లీమీటర్లకు తగ్గకుండా, పొట్టిగా, వంపులు లేకుండా, ట్యాంకు నుంచి మూతి దాకా పైకే సాగేలా వేయించండి. దీనివల్ల తోడకం బాగుపడటమే కాదు, ట్యాంకులోకి ఆక్సిజన్ ఎక్కువగా అంది దుర్వాసన కూడా తగ్గుతుంది.

అడ్డు తీయడానికి వెంట్‌లోకి నీళ్లు గట్టిగా కొట్టవచ్చా? కంప్రెసర్ గాలి?

కంప్రెసర్ గాలి వద్దు, ఏ పరిస్థితిలోనూ వద్దు. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న ట్యాంకు గోడ మీద 0.3 బార్ ఒత్తిడి పడితే, ఆ బలం సుమారు 750 కిలోల బరువుకు సమానం. కుళాయి గొట్టంలో సాధారణంగా అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. అతుకు తెగిపోతే మురుగంతా పడవ గర్భంలోకే చేరుతుంది. పంపు లాగినప్పుడు ఇదే లెక్క తిరగబడి పనిచేస్తుంది కాబట్టి, వెంట్ మూసుకున్న ట్యాంకును మొండిగా తోడినా గోడలు పగులుతాయి.

సురక్షితమైన పద్ధతి ఇది. ముందు వీలైనంత తోడండి. డెక్ మీద పంపు-అవుట్ మూత పూర్తిగా తెరిచి ఉంచండి. తర్వాత బయటి వెంట్ మూతి దగ్గర గొట్టం పెట్టి నీళ్లు మెల్లగా వదలండి. గొట్టాన్ని మూతికి బిగించకండి, కొంత నీరు పక్కలకు కారిపోనివ్వండి. అడ్డు కరిగితే నీరు ట్యాంకులోకి జారే చప్పుడు వినిపిస్తుంది. పడవ కడిగిన ప్రతిసారీ ఇలా చేస్తే ఉప్పు, మురుగు గట్టిపడే అవకాశమే ఉండదు. వెంట్ మూతి పక్కనే తాగునీటి ట్యాంకు వెంట్ ఉంటే, ఏది దేనిదో తేల్చుకున్నాకే గొట్టం ఎత్తండి.

గాలి ఎక్కడినుంచి దూరుతోందో పట్టుకోవడం ఎలా?

డెక్ నుంచి మొదలుపెట్టండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. స్టేషన్ గొట్టం చివర రబ్బరు శంకువు ఉంటే దాన్ని రంధ్రంలో నిటారుగా అదిమి పట్టాలి, కొద్దిగా పక్కకు ఒరిగినా గాలి పీలుస్తుంది. మరతో బిగించే అడాప్టరు దొరికితే అదే వాడండి. దాని ఓ-రింగ్ ఎండిపోయి చిట్లి ఉంటే మార్చండి.

తర్వాత లోపలి క్లిప్పులు. పంపు నడుస్తుండగా ఒక్కొక్క జోడింపు మీద సబ్బు నురుగు రాయండి. పీడనం ఉన్న పైపులో నురుగు బుడగ కడుతుంది, ఇక్కడ మాత్రం లోపలికి మాయమవుతుంది. తడిగుడ్డ గట్టిగా చుట్టి చూసినా తెలుస్తుంది, ఏ జోడింపుకు చుట్టినప్పుడు ప్రవాహం మెరుగైతే లీకు అక్కడే. డిప్ పైపు ట్యాంకులోకి దిగేచోట ఉండే మర, పైపు పైభాగం ఎక్కువగా దెబ్బతినే ప్రదేశాలు. బిగింపుతో సహా పైపును బయటికి తీసి వెలుతురులో తిప్పి చూస్తేగాని వెంట్రుకంత పగులు కనిపించదు.

ఎంతసేపు తోడినా తేట నీళ్లే వస్తున్నాయి, ట్యాంకు మట్టం మాత్రం తగ్గడం లేదు. ఇదేమిటి?

మీరు తోడుతున్నది సముద్రాన్నో, సరస్సునో. ట్యాంకు నుంచి వచ్చే ఒకే గొట్టం డెక్‌కూ, పడవ అడుగు వాల్వుకూ చీలే అమరికలో, దారి మార్చే వై-వాల్వు సరిగా మూసుకోకపోతే పంపుకు బయటి నీరే తేలికైన దారి అవుతుంది. సీకాక్ (పడవ అడుగు వాల్వు) మూయండి, వై-వాల్వు పిడిని డెక్ వైపు తిప్పండి. పిడి తిరిగినా లోపలి పలక తిరగని పాత వాల్వులు ఉంటాయి, వాటిని మార్చడమే దారి.

వెంటూ బాగుంది, గొట్టాలూ బాగున్నాయి. అయినా అడుగున దట్టంగా మిగిలిపోతోంది.

ఇప్పుడు బురద వంతు. నీళ్లు పొదుపు చేద్దామని ఫ్లష్ తగ్గించిన పడవల్లో ఇది ఎక్కువ. ఘనపదార్థం కొట్టుకుపోకుండా ట్యాంకులో పడినచోటే దిబ్బలా పేరుకుంటుంది. తోడేటప్పుడు పలుచని ద్రవం ముందు వెళ్లిపోతుంది, దిబ్బ అక్కడే ఉంటుంది. ట్యాంకు లోపల అలజడి ఆపే అడ్డుపలకలుంటే, వాటి కింది రంధ్రాలు పూడుకుపోయి అవతలి గదిలోని మురుగు ఇవతలికి రాదు.

దీనికి నీరే మందు. ట్యాంకు తోడాక దాని సామర్థ్యంలో నాలుగో వంతు మంచినీళ్లు డెక్ రంధ్రం ద్వారా పోయండి. 80 లీటర్ల ట్యాంకైతే 20 లీటర్లు. గొట్టాన్ని రంధ్రానికి బిగించకుండా వదులుగానే ఉంచండి, తాగునీటి గొట్టం మాత్రం వాడకండి. రాత్రంతా నాననిచ్చి, వీలైతే అలలున్న చోట కాసేపు పడవ నడిపి, లోపల బాగా కుదుపు తగిలిన వెంటనే వచ్చి తోడండి. ఆలస్యమైతే కలిసిన బురద మళ్లీ అడుక్కి దిగుతుంది. వచ్చే నీరు తేటపడేదాకా ఇదే మళ్లీ చేయండి. చాలా ఏళ్లుగా పేరుకున్న ట్యాంకు ఒక్క విడతలో లొంగదు, ఓపిక పట్టండి.

పరీక్షా మూత ఉన్నవారు అదృష్టవంతులు. తిరిగే నాజిల్‌ను అందులోంచి దించి గోడలన్నీ కడగవచ్చు. మూత లేని ట్యాంకుకు పైభాగంలో ఒకటి పెట్టించడం డబ్బు వృథా కాదని నా గట్టి అభిప్రాయం.

మంచుముక్కలు వేసి పడవ నడిపితే అడుగు గీరుకుపోతుందంటారు?

మంచు తేలుతుంది. అడుగున ఉన్న బురదను అది తాకదు.

గొట్టాలే పూడుకుపోయి ఉంటే?

ఉప్పునీటితో ఫ్లష్ చేసే పడవల్లో మూత్రమూ సముద్రపు నీరూ కలిసి కాల్షియం లవణాలు గొట్టాల గోడలకు రాయిలా పేరుకుంటాయి. 38 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ 6 మిల్లీమీటర్ల పొర కడితే మిగిలే దారి వైశాల్యం సగంకన్నా తక్కువ. పొర పలుచగా ఉన్నప్పుడు వారానికోసారి తెల్ల వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే పెరగకుండా ఆగుతుంది. మందంగా కట్టాక వెనిగర్‌తో పని జరగదు. గొట్టం ఊడదీసి ఒడ్డున గట్టి నేల మీద కొడితే పొర పెళ్లలుగా రాలుతుంది. అంత శ్రమ పడేకంటే కొత్త గొట్టం వేయడం మేలు, ఎందుకంటే పాతదానికి వాసన కూడా పట్టేసి ఉంటుంది. వాక్యూమ్‌కు నలగని, మురుగు కోసమే తయారైన మందపాటి గొట్టం తీసుకోండి. మెత్తని గొట్టం ఎండవేడికి మరింత మెత్తబడి, లాగినప్పుడు చదునైపోతుంది.

బ్లీచింగు, యాసిడ్ వాడవచ్చా?

రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూత్రంలోని అమోనియాతో బ్లీచ్ కలిసినా ఊపిరితిత్తులను కాల్చే క్లోరమీన్ వాయువులు వస్తాయి. బ్లీచ్ రబ్బరు వాల్వులను కూడా పాడుచేస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అల్యూమినియం ట్యాంకును తినేస్తూ హైడ్రోజన్ విడుదల చేస్తుంది. వీటితో తీరే లాభం కన్నా వచ్చే ప్రమాదం పెద్దది. నేనైతే ఆ సీసాలను పడవ ఎక్కనివ్వను.

స్టేషన్‌తో కాదు, పడవలోని మెసరేటర్ పంపుతో (మురుగును నలగగొట్టి బయటికి తోసే పంపు) తోడుతున్నాను. సగంలో ఆగిపోతోంది.

వెంట్, డిప్ పైపు సంగతులు దీనికీ వర్తిస్తాయి. అదనంగా మూడు చూడండి. సైఫన్‌ను అడ్డుకునే గాలి వంపు పంపుకూ సముద్రపు వాల్వుకూ మధ్య ఉండాలి. ట్యాంకుకూ పంపుకూ మధ్య బిగిస్తే దానిలోంచి గాలి దూరి పంపు పట్టు తప్పుతుంది. రెండోది విద్యుత్తు: పంపు నడుస్తుండగా దాని తీగల దగ్గరే వోల్టేజి కొలవండి, ఆపి కొలిస్తే తీగల్లో జరిగే నష్టం కనబడదు. మూడోది ఇంపెల్లర్: పొడిగా తిరిగితే రబ్బరు రెక్కలు కొద్దిసేపట్లోనే కాలి అరిగిపోతాయి. చప్పుడు మారి పంపు తేలికగా తిరుగుతున్నట్టు వినిపించగానే ఆపేయండి. డయాఫ్రం పంపు పొడిగా తిరిగినా ఓర్చుకుంటుంది, కానీ దానిలోని డక్‌బిల్ వాల్వుల్లో (మురుగును వెనక్కి పోనివ్వని రబ్బరు వాల్వులు) ఒక వెంట్రుక ముడి ఇరుక్కున్నా ఎత్తడం మానేస్తుంది.

ఒక స్టేషన్లో బాగా వస్తుంది, ఇంకోచోట రాదు. ఎందుకు?

ఎత్తు తేడా వల్ల కావచ్చు. పంపు ఎంత గొప్పదైనా సక్షన్‌తో నీటిని సిద్ధాంతం ప్రకారమే సుమారు 10 మీటర్లకు మించి ఎత్తలేం, ఆచరణలో అందులో చాలా భాగం లీకులకూ గొట్టంలో రాపిడికీ పోతుంది. స్థిరమైన గట్టు దగ్గర పోటు తగ్గినప్పుడు పడవ కిందికి దిగి ఎత్తు పెరుగుతుంది. పోటు మీద ఉన్నప్పుడు వెళ్లండి, లేదా నీటితోపాటు తేలే జెట్టీ ఉన్న స్టేషన్ చూసుకోండి. బాగున్న స్టేషన్‌లో ట్యాంకు ఖాళీ అవుతుంటే పడవను విప్పనవసరం లేదు.

మిగిలింది దూరంగా వెళ్లి సముద్రంలో వదిలేస్తే?

మీరున్న జలాల చట్టం ముందు చూడండి. సరస్సుల్లో, మూసుకున్న అఖాతాల్లో చాలాచోట్ల పూర్తిగా నిషేధం. పెద్ద నౌకలకు వర్తించే మార్పోల్ ఒప్పందం నాలుగో అనుబంధం కూడా శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతల, కనీసం 4 నాట్ల వేగంతో సాగుతూ, మెల్లగా మాత్రమే వదలాలంటుంది. తీరం దగ్గర ఈతకొట్టే పిల్లలూ, ఆల్చిప్పలూ మీ ట్యాంకు భారం మోయకూడదు.

ఈ పనిలో ప్రాణాపాయం ఉందా?

ఉంది. మురుగు కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, పడవ గర్భంలో నిలిచిపోతుంది. గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాల స్థాయికి చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అంటే వాసన ఉన్నట్టుండి పోయిందంటే బాగుపడిందని కాదు, బయటికి పరుగెత్తమని. తలుపులు, పైమూతలు అన్నీ తెరిచి, గాలి ఆడేలా చూసుకుని, నిప్పు లేకుండా, ఇద్దరుగా పని చేయండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. వెంట్ మూసుకున్న ట్యాంకు మూతను ఒక్కసారిగా తిప్పకండి. కొద్దిగా వదులు చేసి, బుస్సుమనడం ఆగాకే తీయండి. పడిపోయినవారిని లాగుదామని వెంటనే లోపలికి దూకినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటారు. ముందు సహాయానికి పిలవండి.

ట్యాంకునే మార్చవలసిన పరిస్థితి ఎప్పుడు?

గోడలు లోపలికి నొక్కుకుపోయి మళ్లీ యథాస్థితికి రాకపోతే, అతుకుల దగ్గర తడి కనిపిస్తే, లోహపు ట్యాంకుకు గుంటలు పడితే ఇక మరమ్మతు మీద డబ్బు పెట్టకండి. మూత్రం లోహాన్ని వేగంగా తినేస్తుంది, ఒక రంధ్రం పూడ్చిన కొద్ది నెలల్లో పక్కన ఇంకోటి వస్తుంది. కొత్తది మందమైన పాలిథిలిన్‌ది, అడుగు ఒక మూలకు వాలి ఉన్నది, ఆ మూలనే తోడే మూతి ఉన్నది, పైన చేయి పట్టేంత పరీక్షా మూత ఉన్నది ఎంచుకోండి. బిగించే ముందు మంచినీళ్లు నింపి ఒకసారి పూర్తిగా తోడించి, ఎంత మిగిలిందో కొలిచి పడవ పుస్తకంలో రాసిపెట్టండి. తర్వాత ఎప్పుడైనా అంతకన్నా ఎక్కువ మిగిలితే వెంట్ దగ్గర మొదలుపెట్టండి.